కారు ఇరుసు మార్చుట

ఎడ్లబండికి కందెన యెండినచో ఇరుసు కీచుమని యఱచును. ఆ యఱపు విని బండివాడు దిగి, ఇరుసునకు కందెన పట్టించి, మఱి బండి తోలును. కారు ఇరుసును ఇట్లే యఱచును. కాని దాని నెఱిగి దిగువారు మనలో తక్కువ. ఆ చప్పుడును గుర్తించుట యెట్లు, అరిగిన యిరుసును ఇంటియొద్దనే మార్చుకొనుట యెట్లు, అను విషయమును నేడు శ్రోతలకు మనవి చేసెదను.

అంబాసిడరు వంటి పాత కార్లలో వెనుక చక్రములు కారును నెట్టెడివి. వాని యిరుసులు ఇనుప తొడుగులో దాగియుండెడివి. 1983లో వచ్చిన మారుతి 800తో, ముందు చక్రములే లాగెడి కార్లు మన దేశమున వ్యాపించినవి. వీనిలో గేరుబాక్సునుండి ఒక్కొక్క ముందు చక్రమునకు ఒక్కొక్క యిరుసు పోవును. ముందు చక్రము తిరుగుటయే కాదు, కుడియెడమలకు మళ్లవలెను. గుంతలో దిగి మిట్ట నెక్కవలెను. వంగని కడ్డీ యీ పనికి చాలదు. కావున మన చేతికి మణికట్టు, మోచేయి ఉన్నట్లు, ప్రతి యిరుసునకును రెండు కీళ్లు కలవు: చక్రము వైపున నొకటి, గేరుబాక్సు వైపున నొకటి.

పూర్వపు కీళ్లలో ఒక చిక్కు కలదు. కీలు వంగినప్పుడు, ఒక కడ్డీ సమవేగముతో తిరుగుచున్నను, రెండవ కడ్డీ ప్రతి చుట్టునందును రెండు మారులు వడి హెచ్చి రెండు మారులు తగ్గును. 1920 తరువాతి దశాబ్దమున అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ జెప్పా యను ఇంజనీరు, గిన్నెవంటి తొడుగులో ఆరు ఉక్కు గోళీల నమర్చి యీ చిక్కును విడదీసెను. కీలు వంగినను, ఆ గోళీలు రెండు కడ్డీల నడిమి కోణమును సరిగా సగము చేయు తలముననే నిలుచును. కావున వడి చెడదు. నేటికిని చక్రము వైపు కీలు తఱచుగా ఈ జాతిదే. విద్యుత్తుతో నడచు కార్లకును ఇట్టి కీళ్లే యాధారము.

ఈ గోళీలకు ప్రాణము గ్రీజు. దానిని కాపాడునది మడతలు మడతలుగా నుండు రబ్బరు తొడుగు. పనివారు దీనిని బూటందురు. ఇరుసు చేటు తఱచుగా ఇనుమున మొదలుకాదు, ఈ రబ్బరున మొదలగును. నా కారు బూటు ఒకమారు వానకాలమునకు ముందు చినిగినది. చక్రము లోపలి ప్రక్క నల్లని జిడ్డు చల్లినట్లు పడియుండుట చూచియు, రబ్బరు ముక్కయే గదా యని యూరకుంటిని. గ్రీజు వెలికి పోయినది. దాని చోట బురదయు ఇసుకయు చేరినవి. వానలు వెనుకబట్టునప్పటికి, సందు మలుపు తిరుగునప్పుడెల్ల చక్రమునొద్ద టకటకమను చప్పుడు. బూటుతో పోవలసిన ఖర్చు ఇరుసుదాక వచ్చినది.

బూటు చినిగినను, చప్పుడు లేక గ్రీజు శుభ్రముగా నున్నచో, బూటును గ్రీజును మార్చిన చాలును. మలుపులో టకటకలాడినచో చక్రము వైపు కీలు అరిగినదని యెఱుగుడు. తిన్నగా పోవుచు వడి పెంచునప్పుడు కారు వణకినచో లోపలి కీలును శంకింపవలెను.

ఇక పని. కారు గట్టి సమతల నేలపై నుండగనే చేతిబ్రేకు వేసి, వెనుక చక్రములకు అడ్డు పెట్టి, చక్రపు నట్టులను, నడిమి పెద్ద నట్టును వదులు చేయవలెను. ఈ పెద్ద నట్టు ఎడ్లబండి కడచీల వంటిది. మిక్కిలి బిగువుగా నుండును.

తరువాత జాకీతో ఎత్తి, స్టాండులపై నిలుపవలెను. జాకీ యెత్తుటకే గాని మోయుటకు గాదు. నేను తొందరపడి తడి నేలపై జాకీ నిలిపితిని. క్రిందికి దూరకమునుపే అది యొరగి కారు దిగబడినది. విప్పిన చక్రమును కారు అంచు క్రింద పరుండబెట్టియుంటిని గనుక కారు దానిపై నాగినది. మరుక్షణమున ఆ చోట నా భుజ ముండవలసినది. అది మొదలు స్టాండు లేక కారు క్రింద చేయి పెట్టలేదు.

చక్రము విప్పి, గేరుబాక్సు నూనెను పాత్రలోనికి దింపవలెను. క్రింది చేతి కీలును విడదీసినచో చక్రపు గుబ్బ వెలుపలికి జరుగును. అప్పుడు ఇరుసు కొనను కఱ్ఱముక్క యడ్డముంచి తట్టిన నది వెలువడును. బ్రేకు గొట్టము లాగబడకుండ చూడవలెను. లోపలి కొనను గేరుబాక్సు నొద్ద సన్నని గునపముతో మెల్లగా ఎగదీయవలెను. కడ్డీని పట్టి లాగినచో లోపలి కీలు ఊడిపోవును.

కొత్త యిరుసును పాతదాని ప్రక్క నుంచి పొడవును, కొనల గాడులను లెక్కించి పోల్చవలెను. గేరుబాక్సు మూతి ఆయిల్ సీలును కొత్తదిగా వేయుట మేలు. ఇరుసు లోపలి కొన టక్కున కూర్చున్నదో లేదో మెల్లగా లాగి చూడుడు. విడదీసిన వానినెల్ల తిరిగి కూర్చి, నూనె పోసి, కారును దింపిన పిమ్మట కొత్త నట్టును టార్కు రెంచితో బిగింపవలెను. ఆ కొలత కారు కారునకు మాఱును. కారుతో వచ్చిన పుస్తకమే ప్రమాణము. వదులైన నట్టుతో కారు నడపిన చక్రపు బేరింగు చెడును. తుదకు ఖాళీ స్థలమున మెల్లగా రెండు వైపులకును నిండుగా మళ్లించి చెవియొగ్గి వినుడు.

స్టాండులును, టార్కు రెంచియు, పుస్తకమును లేనివారు ఈ పనికి పూనుకొనరాదు. మెకానిక్కునకు వదలుట వివేకము. కాని వానకాలమునకు ముందు ఒకమారు వంగి బూట్లను చూచుట యెల్లరకును సాధ్యమే. ఆ చూపు దక్కినచో, ఈ ప్రసంగములోని తక్కిన పని చాలమందికి అక్కఱయే రాదు.