స్టెప్నీ లేని బండి ఎక్కుతామా? రైఫిల్‌కు రెండో సైట్ అందుకే!

నరసరావుపేట: 2024 మే 13 పోలింగ్ గొడవల తర్వాత పల్నాడు జిల్లాలో 144 సెక్షన్ పెట్టారు, కేంద్ర బలగాలు దిగాయి. తుపాకులతో జవాన్లు వీధుల్లో నిలబడితే పెద్దవాళ్లకు భయం, పిల్లలకు ఆసక్తి. కానీ ఆ తుపాకీ గురి ఎంత నమ్మకంగా ఉండాలన్నది ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. ఇరుకు వీధిలో గురి జానెడు తప్పితే తగిలేది దారిన పోయేవాళ్లకే. అగ్నివీర్‌గానో కానిస్టేబుల్‌గానో వెళ్లిన మన ఇంటి కుర్రాడి ప్రాణమూ దాని మీదే ఆధారపడుతుంది.

సైట్ అంటే ఏంటి?

గురి చూసుకునే భాగమే సైట్. పాత రకం ఇనుప సైట్. గొట్టం చివర చిన్న ముల్లు, కంటి దగ్గర రంధ్రమో గాడో ఉంటుంది. రెండూ ఒకే వరసలోకి తెచ్చి చూడాలి. 1990ల నుంచి మన సైన్యం వాడుతున్న ఇన్సాస్‌లో ఉన్నది ఇదే. బ్యాటరీ అక్కర్లేదు, అద్దం ఉండదు. దుమ్ము పడితే తుడుచుకుంటే చాలు.

కొత్త రకం ఆప్టిక్ సైట్. అద్దంలో ఎర్ర చుక్క కనిపిస్తుంది, చుక్క ఎక్కడుంటే గురి అక్కడ. రెండు కళ్లూ తెరిచే చూడొచ్చు, గురి త్వరగా కుదురుతుంది. అయితే బ్యాటరీ అయిపోవచ్చు, అద్దం పగలొచ్చు, లోపలికి తేమ చేరొచ్చు.

ఎండకు గురి మారితే?

అమెరికా సైన్యం వాడిన ఈవోటెక్ సైట్లలో ఇదే జరిగింది. చలికి, వేడికి, తేమకు చెప్పినట్టు పనిచేయడం లేదని తేలింది. మైనస్ 40 నుంచి 50 డిగ్రీల వరకు ఉష్ణోగ్రత మారితే గురి సుమారు 4 ఎంఓఏ దాకా జరగొచ్చని బయటపడింది. ఎంఓఏ అంటే కోణం కొలత. 4 ఎంఓఏ అంటే 300 మీటర్ల దూరంలో దాదాపు 35 సెంటీమీటర్లు, అంటే జానెడున్నర తేడా. లోపం తెలిసీ దాచారన్న కేసులో 2015 నవంబర్‌లో ఆ కంపెనీ అమెరికా ప్రభుత్వానికి 2.56 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

వేసవిలో 45 డిగ్రీలు దాటే రెంటచింతల ఎండ తెలిసినవాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. ఎండలో నిలిపిన జీపులో ఇనుము ముట్టుకుంటేనే చెయ్యి కాలుతుంది.

పట్టీ గట్టిగా ఉండాలి

సైట్ ఎంత మంచిదైనా, బిగించిన చోటు కదిలితే లాభం లేదు. తుపాకీ పైన వరసగా గాళ్లు ఉండే పట్టీని పికాటినీ రైల్ అంటారు. 1995లో అమెరికా సైన్యం దీనికి ఒకే కొలత ఖాయం చేసింది. టైప్-సి చార్జర్ లాగా, ఏ కంపెనీ సైట్ అయినా దీనికి బిగుస్తుంది.

ముందు చేత్తో పట్టుకునే భాగం హ్యాండ్‌గార్డ్. దాని మీదా రైల్ ఉంటుంది. కానీ కాల్పులకు అది వేడెక్కుతుంది, చేతి బరువుకు కాస్త వంగుతుంది. అందుకే ప్రధాన సైట్‌ను వెనక, తుపాకీ ఒంటి మీద బిగిస్తారు. టార్చ్, చేతిపిడి లాంటివి ముందు పెడతారు. లేజర్ ముందు పెడితే హ్యాండ్‌గార్డ్ వంగినంత మేర దాని గురీ జరుగుతుంది.

అమేఠీ దగ్గర కోర్వాలో ఏకే-203 తయారవుతోంది. 6 లక్షలకు పైగా రైఫిళ్ల కోసం 2021 డిసెంబర్‌లో ఒప్పందం కుదిరింది. దీనికి రైళ్లు ఇచ్చారు, ఇనుప సైట్లూ ఉంచారు. ఆప్టిక్ పోయినా చేతిలో గురి మిగులుతుంది.

గాలి లేని స్టెప్నీ

రెండో సైట్ ఉండగానే సరిపోదు. రెండూ ఒకే వదులు రైల్ మీద ఉంటే రెండూ కలిసే గురి తప్పుతాయి. ఇనుప సైట్‌ను కూడా కాల్చి చూసి గురి సరిచేయాలి. దీన్నే జీరోయింగ్ అంటారు. అది చేయని సైట్ గాలి లేని స్టెప్నీ లాంటిది, డిక్కీలో బరువు తప్ప దారిలో పనికిరాదు.

2025 అక్టోబర్‌లో సిగ్ 716 రైఫిళ్ల నైట్ సైట్లకు రక్షణ శాఖ రూ.659 కోట్ల ఒప్పందం చేసుకుంది. ఖర్చు అవసరమే. అయితే బ్యాటరీ తీసేసి ఇనుప సైట్‌తో కాల్చే సాధన కూడా జవానుకు అంతే అవసరం. చుక్క ఆరిపోయిన క్షణంలో అతన్నీ, ఎదుటి వీధిలో నిలబడిన అమాయకుణ్నీ కాపాడేది ఆ అలవాటే.