బొరియ ముఖద్వారం వద్ద చట్టం: కుక్కలతో బొరియ వేట – వివిధ దేశాల నిబంధనలు, కృష్ణా డెల్టాకు వాటి అన్వయం

పరిచయం

నేలలో బొరియ చేసుకొని నివసించే జంతువును కుక్క సాయంతో వెలికి రప్పించి పట్టడం లేదా చంపడం ప్రాచీనమైన పద్ధతి. ఐరోపాలో ఈ పనికై ప్రత్యేకంగా పెంచిన కుక్కలకే టెర్రియర్లని పేరు. లాటిన్ భాషలో 'టెర్రా' అనగా నేల. కృష్ణా డెల్టాలో వరి గట్లపై ఎలుకల బొరియలు త్రవ్వేవారి వెంట కుక్క ఉండటం పల్లెల్లో సాధారణ దృశ్యమే. ఇక్కడా అక్కడా జరిగే పని ఒక్కటే అయినప్పటికీ దానిని చట్టం చూసే తీరు దేశానికొక విధంగా ఉన్నది. ఐరోపా చట్టాలు ప్రధానంగా 'ఏ పద్ధతిలో, ఏ ప్రయోజనానికి' అని ప్రశ్నిస్తాయి. భారతీయ చట్టం ప్రధానంగా 'ఏ జంతువును' అని ప్రశ్నిస్తుంది. బొరియ లోపల ఉన్నది ఏ జంతువో బయటి నుండి తెలియదు కనుక ఈ భేదం డెల్టా రైతుకు, ఎలుకలు పట్టి జీవించే కుటుంబాలకు, వారికి సలహాలిచ్చే విస్తరణ శాస్త్రవేత్తలకు మిక్కిలి ముఖ్యమైనది.

టెర్రియర్ సంప్రదాయం

బ్రిటన్‌లో నక్క వేట గుర్రాలతో, వేటకుక్కల గుంపుతో సాగేది. తరమబడిన నక్క బొరియలో దూరినపుడు దానిని బయటకు రప్పించడానికి చిన్న శరీరం, గట్టి పట్టుదల గల కుక్క అవసరమైనది. డెవన్ ప్రాంతానికి చెందిన మతాచార్యుడు జాన్ రస్సెల్ (1795–1883) ఇటువంటి కుక్కలను ఎంపిక చేసి పెంచడంలో ప్రసిద్ధుడు. నేటికీ ఒక జాతి ఆయన పేరుతోనే వ్యవహరింపబడుతున్నది. జర్మనీలో ఇదే పనికి పొట్టి కాళ్ళ డాక్స్‌హుండ్‌ను, తరువాత యాగ్డ్ టెర్రియర్‌ను అభివృద్ధి చేశారు. ధాన్యపు కొట్లలో, గుర్రపుశాలల్లో ఎలుకలను చంపించడానికి కూడా టెర్రియర్లను విస్తారంగా వాడారు. అనగా ఈ సంప్రదాయంలో వినోదం, పంట రక్షణ అనే రెండు పాయలు మొదటి నుండి కలిసి ప్రవహించాయి. ఆధునిక చట్టాలు చేసిన పని ఈ రెండింటినీ విడదీయడమే.

ఇతర దేశాల నిబంధనలు

ఇంగ్లండ్, వేల్స్: 2004 నాటి వేట చట్టం 2005 ఫిబ్రవరి 18 నుండి అమలులోనికి వచ్చినది. అడవి క్షీరదాలను కుక్కలతో వేటాడటాన్ని ఇది నేరంగా పరిగణిస్తూ కొన్ని మినహాయింపులను ఇచ్చినది. భూస్వామి అనుమతితో ఎలుకలను, కుందేళ్ళను కుక్కలతో పట్టవచ్చును. బొరియలోనికి కుక్కను పంపడానికి మాత్రం కఠినమైన షరతులు ఉన్నాయి. వేట నిమిత్తం పెంచే లేదా సంరక్షించే పక్షులకు తీవ్ర నష్టం జరగకుండా నివారించడానికే ఆ పని చేయాలి. ఒకే కుక్కను వాడాలి. భూమి తనదేననో, అనుమతి ఉన్నదనో తెలిపే వ్రాతపత్రం దగ్గర ఉండాలి. బయటకు వచ్చిన జంతువును వీలైనంత త్వరగా కాల్చి చంపాలి. సామూహిక బొరియలలో నివసించే బ్యాడ్జర్ అనే జంతువుకు 1992 నాటి ప్రత్యేక చట్టం రక్షణ కల్పిస్తున్నది.

స్కాట్లండ్: 2002లోనే ఒక చట్టం వచ్చినది. దాని స్థానంలో 2023లో మరింత కఠినమైన చట్టం చేశారు. నేలపై రెండు కుక్కలకు మించి వాడాలంటే ప్రత్యేక లైసెన్సు అవసరం. బొరియలోనికి ఒకే కుక్కను, అది కూడా నక్క లేదా మింక్ విషయంలోనే పంపవచ్చును. ఎలుకలను, చిట్టెలుకలను 'అడవి క్షీరదం' అనే నిర్వచనం నుండే తొలగించారు.

ఫ్రాన్స్: బొరియ వేట అక్కడ నేటికీ గుర్తింపు పొందిన వేట పద్ధతి. 1982 మార్చి 18 నాటి ఉత్తర్వు దానికి వాడదగిన పనిముట్లను, కాలాన్ని నిర్దేశిస్తున్నది. సాధారణ కాలం సెప్టెంబరు 15 నుండి జనవరి 15 వరకు. బ్యాడ్జర్ విషయంలో మే 15 నుండి అదనపు కాలానికి స్థానిక పాలనాధికారి అనుమతి ఇవ్వవచ్చును. ఈ అదనపు కాలంపై జంతు సంక్షేమ సంఘాలకు, వేటగాళ్ళ సంఘాలకు మధ్య న్యాయస్థానాలలో వివాదాలు నడుస్తున్నాయి.

జర్మనీ: ఇక్కడ ప్రధానమైన ప్రశ్న 'ఎవరు' అన్నది. పరీక్షలో ఉత్తీర్ణుడై అనుమతి పొందిన వేటగాడే ఈ పని చేయాలి. కుక్కకు కూడా తగిన శిక్షణ ఉండాలి. సహజమైన బొరియలలో వేట విషయమై నిబంధనలు రాష్ట్రానికొక విధంగా ఉన్నాయి.

అమెరికా: వన్యప్రాణుల వేట రాష్ట్రాల పరిధిలోనిది. అక్కడ బొరియ వేట నైపుణ్యాన్ని వేట నుండి వేరుచేసి పరీక్షగా మార్చారు. కృత్రిమ సొరంగం చివర పంజరంలో ఎలుకను ఉంచి, కుక్క దానిని చేరి పసిగట్టే తీరును పరిశీలిస్తారు. పంజరం ఉండటం వలన కుక్క ఎలుకను తాకలేదు. ఇటువంటి పరీక్షలకై 1971లో ఒక జాతీయ సంఘం ఏర్పడినది.

డెల్టాలో బొరియ

ప్రకాశం బ్యారేజి నుండి కాలువలకు నీరు వదిలి పొలాలు తడిసిన తరువాత, ఎలుకలకు పొడిగా మిగిలే చోటు గట్లు, కాలువ కట్టలు, రోడ్డు అంచులు మాత్రమే. అందువలన బొరియలన్నీ అక్కడే కేంద్రీకృతమవుతాయి. డెల్టా వరిలో ప్రధానంగా నష్టం చేసేది పందికొక్కు వర్గానికి చెందిన బండికోటా బెంగాలెన్సిస్. ఆంగ్లంలోని 'బాండికూట్' అనే మాట తెలుగు 'పందికొక్కు' నుండి వెళ్ళినదే. దీనితో పాటు మెత్తని వెంట్రుకలు గల మిల్లార్డియా మెల్టాడా, పొలం చిట్టెలుక మస్ బూడుగా కూడా కనిపిస్తాయి. పందికొక్కు వెన్నులను కొరికి బొరియలోని గదులలో నిల్వ చేస్తుంది. గట్లను గుల్ల చేయడం వలన నీరు కూడా వృథా అవుతుంది.

ఈ బొరియలను చదవగలిగిన వారిలో యానాదులు ముఖ్యులు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో వారి 'ఊదర పెట్టుట' అనే పద్ధతి వర్ణింపబడినది. కుండలో గడ్డి కూరి నిప్పు పెట్టి, కుండ మూతిని బొరియకు ఆనించి, చిన్న రంధ్రం గుండా ఊది పొగను లోపలికి పంపుతారు. ఊపిరాడని ఎలుకలు తెరిచి ఉంచిన ఒక్క దారి గుండా బయటకు వస్తాయి. నేడు సిఫారసు చేస్తున్న పొగబెట్టే పరికరం పనిచేసేది కూడా ఇదే సూత్రంపైన. వెదురు బుట్టలతో ఎలుకలను పట్టేవారు కూడా డెల్టాలో ఉన్నారు. ఊదర, బుట్ట, పార, కుక్క – ఈ నాలుగూ విషం లేని సాధనాలే. పట్టిన ఎలుక ఆ కుటుంబాలకు కూలితో పాటు ఆహారం కూడా.

స్థానిక కుక్క: జోనంగి

కొల్లేరు పరిసరాలలోను, ఉభయ డెల్టాలలోను కనిపించే జోనంగి పొట్టి వెంట్రుకలు, నిక్కిన చెవులు, ముడుతలు పడిన నుదురు గల దేశీయ కుక్క. ఇతర కుక్కల వలె మొరగక వింతైన స్వరంతో కూయడం, నేలను గోతులుగా త్రవ్వడం దీని సహజ లక్షణాలు. చిన్న జంతువుల వేటకు, బాతుల మందలను తోలడానికి దీనిని పెంచేవారు. బాతుల పెంపకం తగ్గి చేపల చెరువులు విస్తరించడంతో దీనికి పని తగ్గి, మేలైన కుక్కలు అరుదయ్యాయి. పని లేని జాతి నిలవదన్నది టెర్రియర్ల చరిత్ర కూడా చెప్పే పాఠమే. జోనంగికి చట్టబద్ధమైన పని చూపగలిగితే దాని సంరక్షణకు అది ఒక మార్గం కాగలదు.

భారతీయ చట్టం

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో లైసెన్సుతో వేటను అనుమతించినది. 1991 సవరణతో వినోద వేట ముగిసినది. ఈ చట్టంలో 'వేట' అనే పదానికి నిర్వచనం విశాలమైనది. చంపడం, విషం పెట్టడమే కాక, పట్టుకోవడం, కుక్కలతో తరమడం, ఉచ్చు పన్నడం, అందుకు ప్రయత్నించడం సైతం వేటయే. కనుక షెడ్యూలులోని జంతువు ఉన్న బొరియపైకి ఉద్దేశపూర్వకంగా కుక్కను ఉసిగొల్పితే, అది చేతికి చిక్కకపోయినా నేరం కాగలదు.

డెల్టా గట్లలోని బొరియలన్నీ ఎలుకలవి కావు. ఎలుకలు త్రవ్విన కన్నాలలో పాములు చేరతాయి. ఉడుములు, ముంగిసలు, నక్కలు కూడా కాలువ కట్టలను ఆశ్రయిస్తాయి. వీటిలో ఉడుము మొదటి షెడ్యూలులోనిది. మడ అడవుల నుండి చేపల చెరువుల వరకు సంచరించే బావురుపిల్లి కూడా ఆ షెడ్యూలులోనిదే. మొదటి షెడ్యూలు జంతువును వేటాడితే మూడు నుండి ఏడేళ్ళ వరకు జైలుశిక్ష, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా విధింపబడుతుంది. విచారింపదగిన సంగతి ఏమనగా, పై జంతువులలో అనేకం స్వయంగా ఎలుకలను తినేవే. వాటిని చంపడం చట్టరీత్యా నేరమే కాక, వ్యవసాయరీత్యా కూడా నష్టమే.

2022 సవరణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. అంతకు ముందు ఎలుకలు, చిట్టెలుకలు, కాకులు, పండ్ల గబ్బిలాలు 'హానికర జీవులు'గా ఐదవ షెడ్యూలులో ఉండేవి. సవరణతో ఆ షెడ్యూలు తొలగింపబడినది. ఏదైనా జీవిని హానికరమైనదిగా ప్రకటించే అధికారం 62వ సెక్షను క్రింద కేంద్ర ప్రభుత్వానికి ఉన్నది. పాత షెడ్యూలును ఆధారంగా చూపే కరపత్రాలను, బోధనాంశాలను అందుకు తగినట్లు సవరించవలసి ఉన్నది.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం మరొక హద్దును గీచినది. వినోదం కోసం ఒక జంతువును మరొక జంతువుపైకి ఉసిగొల్పడం దీని ప్రకారం నేరం. పొలంలో పంట రక్షణకై చేసే పనిని పందేలుగా, ప్రదర్శనలుగా మార్చరాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సంప్రదాయ హక్కులను గుర్తించినప్పటికీ వన్యప్రాణుల వేటను, పట్టడాన్ని ఆ హక్కుల నుండి స్పష్టంగా మినహాయించినది. అందువలన 'తాతల నాటి ఆచారం' అనే సమాధానం యానాది కుటుంబాన్ని కేసు నుండి కాపాడలేదు. కొల్లేరు అభయారణ్యం (1999), కృష్ణా అభయారణ్యం హద్దులలో నియంత్రణలు మరింత కఠినమైనవి.

విస్తరణ సిబ్బంది గమనింపదగిన అంశాలు

1. బొరియను గుర్తించిన పిదపనే కుక్కను వదలాలి. తాజా మట్టి కుప్ప, మట్టితో మూసిన ద్వారం పందికొక్కు ఉనికికి గుర్తులు. నున్నగా అరిగిన, తెరిచి ఉన్న పెద్ద కన్నాన్ని వదిలివేయాలి. సాయంత్రం బొరియలన్నీ మూసి, మరునాడు తెరుచుకున్న వాటినే సజీవమైనవిగా లెక్కించే పద్ధతి ఇక్కడ కూడా ఉపకరిస్తుంది. అయితే తెరిచినది ఎలుకేనా అన్నది మట్టి గుర్తులను బట్టి మరల సరిచూడాలి.

2. విషపు ఎరను, కుక్కను ఒకే కాలంలో వాడరాదు. జింకు ఫాస్ఫైడు కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువును విడుదల చేస్తుంది. ఎరను గాని, దానిని తిన్న ఎలుకను గాని తిన్న కుక్కకు ప్రాణాపాయం. బ్రోమడయోలోన్ తిన్న ఎలుక కొన్ని రోజులు జీవించి, మందకొడిగా తిరుగుతూ కుక్కకు సులభంగా చిక్కుతుంది. దీనికి విటమిన్ కె1 విరుగుడుగా ఉన్నది. జింకు ఫాస్ఫైడుకు ప్రత్యేకమైన విరుగుడు లేదు.

3. ఎర పెట్టే తేదీలను ఎలుకలు పట్టే కుటుంబాలకు ముందుగా తెలియజేయాలి. ఎలుకలను ఆహారంగా తీసుకొనే వారికి ఇది ప్రాణంతో ముడిపడిన సమాచారం. గ్రామంలోని ప్రకటనలో ఈ అంశం తప్పక చేరాలి.

4. ఎలుకల మూత్రం ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్ కుక్కలకు, మనుషులకు కూడా సోకుతుంది. కుక్కలకు టీకాలు వేయించాలి. తడి గట్లలో పనిచేసేవారు చేతి తొడుగులు, బూట్లు వాడాలి. గాయాలను కప్పి ఉంచాలి.

5. త్రవ్విన గట్టును అదే రోజు పూడ్చి గట్టిపరచాలి. ఈ షరతు లేనందువలననే పలువురు రైతులు త్రవ్వకానికి అంగీకరించరు.

6. రైతు అనుమతిని వ్రాతపూర్వకంగా తీసుకోవడం ఇంగ్లండ్ నిబంధనల నుండి గ్రహింపదగిన మంచి పద్ధతి. పని చేసినవారు పంట రక్షణకే వచ్చారనడానికి ఆ పత్రమే ఆధారం.

ముగింపు

కుక్కతో ఎలుకలను పట్టడం ఒక్కటే డెల్టాలోని ఎలుకల సమస్యను తీర్చదు. వరి చిరుపొట్ట దశకు ముందుగా గ్రామమంతా కలిసి చేసే సామూహిక నివారణకు అది అనుబంధం మాత్రమే. అయితే విషం వాడకూడని చోట్ల, అనగా ఇళ్ళ చేరువ గట్లపైన, బాతులు మేసే పొలాలలో, చేపల చెరువుల కట్టలపైన దాని ప్రయోజనం గణనీయమైనది. బ్రిటన్‌లో ఈ పని చేసేవాడికి చట్టం పత్రాన్ని ఇచ్చినది, జర్మనీలో శిక్షణను ఇచ్చినది. డెల్టాలో నైపుణ్యం ఉన్నది, కుక్క ఉన్నది, పత్రము, శిక్షణ మాత్రమే లోపించినవి. వ్యవసాయ, పశుసంవర్ధక, అటవీ శాఖలు కలిసి ఎలుకలు పట్టేవారికి జంతువుల గుర్తింపుపై స్వల్పకాలిక శిక్షణ ఇచ్చి గుర్తింపు పత్రాలను జారీ చేసినట్లయితే, రైతుకు పంట, యానాది కుటుంబానికి కూలి, గట్టుపై ఉడుముకు ప్రాణం దక్కుతాయి.