కొత్త జిల్లాల వ్యవసాయ విస్తరణలో భౌగోళిక సమాచార వ్యవస్థ: ప్రణాళిక, అమలు

2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా నుండి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడినవి. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి నుండి ములుగు విడివడినది. వ్యవసాయ గణాంకాలను పటాలపైకి తెచ్చే సంస్థకు తొలి చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. భూపాలపల్లి జిల్లా వరి విస్తీర్ణాన్ని 2018, 2020 సంవత్సరాలకు పోల్చినప్పుడు కనిపించే తేడాలో పంట మార్పు ఎంత, సరిహద్దు మార్పు ఎంత అన్నది పట్టిక చెప్పదు. 2011 జనగణన వివరాలూ పాత వరంగల్ జిల్లా పేరిటనే ఉన్నవి. కావున రెవెన్యూ గ్రామాన్ని మూల ప్రమాణంగా తీసుకొని, ప్రతి గ్రామానికి మారని కోడును, అది ఏ తేదీ నుండి ఏ మండలానికి, ఏ జిల్లాకు చెందినదో ఆ వివరాన్ని నమోదు చేయాలి. 2018లో అనేక తండాలు, గూడేలు గ్రామపంచాయతీలైనవి. పంచాయతీ హద్దును రెవెన్యూ గ్రామపు హద్దుగా భావించరాదు.

1960 దశకంలో కెనడా భౌగోళిక సమాచార వ్యవస్థను రూపొందించిన రోజర్ టామ్లిన్సన్, సంస్థకు కావలసిన సమాచార ఫలితాలను ముందుగా నిర్ణయించుకొని, ఆ పిమ్మటనే సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవాలని ప్రతిపాదించారు. ఆచరణలో తరచుగా కంప్యూటర్లు ముందు వస్తాయి, ప్రశ్న తరువాత వస్తుంది.

ఉదాహరణకు, జనగామలో ఏ చెరువు ఆయకట్టులో నాట్లు ఆలస్యమైనవో వారంవారం తెలియాలనుకొందాం. అందుకు ఆయకట్టు హద్దులు, పంట నమోదు, ఉపగ్రహ చిత్రాలు అవసరం. సెంటినెల్-2 చిత్రంలో ఒక పిక్సెల్ 10 మీటర్లు, అనగా 100 చదరపు మీటర్లు. దాదాపు ఒక గుంట. ఎకరం మడికి ఇది చాలును. 23.5 మీటర్ల లిస్-3 చిత్రంలో పిక్సెల్ ఐదున్నర గుంటలు కాబట్టి చిన్న కమతాలు కలిసిపోతాయి. వానాకాలంలో మేఘాలు అడ్డుపడతాయి గనుక నాట్ల సమయానికి సెంటినెల్-1 రాడార్ చిత్రాలే ఆధారం. నీరు నిలిచిన మడి వాటిలో నల్లగా కనిపిస్తుంది. విస్తీర్ణాన్ని అక్షాంశ రేఖాంశాల డిగ్రీలలో కాక యుటిఎం 44 ఉత్తర మండలంలో లెక్కించాలి; మూడు జిల్లా కేంద్రాలూ అందులోనివే.

అమలును మూడు జిల్లాలలో ఒకేసారి గాక, ఒక వ్యవసాయ విస్తరణాధికారి క్లస్టర్‌లో ఒక పంటకాలం పరీక్షించడం మేలు. భూపాలపల్లి అటవీ గ్రామాలలో సిగ్నల్ లేకున్నను ఫోనులో నమోదు నిలవాలి. శిక్షణ పొందిన ఒక్కరు బదిలీ అయితే పని ఆగిపోతుంది. అందుచేత ఇద్దరికి శిక్షణ, పని విధానపు లిఖిత ప్రతి, హద్దుల నవీకరణకు ఏటా కొంత నిధి తొలి ప్రతిపాదనలోనే చేర్చాలి.