నల్లటి పట్టీలో తెల్లటి దొంగ!

ఏడాదిపాటు కూడబెట్టి కొత్త టీవీ కొన్నాను. నాన్నగారి ముచ్చట కొద్దీ ఆ రాత్రే కృష్ణగారి 'అల్లూరి సీతారామరాజు' పెట్టాను. 1974లో వచ్చిన మన తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రం కదా, టీవీలో పైనా కిందా నల్లపట్టీలు తప్పవు. లైటార్పానో లేదో, కింది పట్టీ మూల నుంచి తెల్లటి వెలుగు! "ఎవర్రా అక్కడ టార్చిలైటు వేసింది?" అన్నారు నాన్నగారు.

ఇది ఎల్‌సీడీ తెరల జబ్బు. (మాది ఎల్ఈడీ అంటారా? చాలావరకు అవీ ఎల్‌సీడీలే. వెనక దీపాలే ఎల్ఈడీలు!) బొమ్మ నల్లగా ఉన్నా వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది. ముందున్న పొర దాన్ని ఆపాలి. చట్రం ఎక్కడైనా ఎక్కువ నొక్కిందా, అంచుల్లోంచి వెలుగు కారుతుంది. ఓఎల్ఈడీలో ఈ గొడవే లేదు. అందులో చుక్కచుక్కా సొంతంగా వెలుగుతుంది. ధర వింటే మాత్రం మన ముఖం ఆరిపోతుంది!

గది చీకటి చేసి, తెరంతా నల్లబొమ్మ పెట్టి, రోజూ కూర్చునే చోటి నుంచే చూడండి. తల జరిపితే మచ్చ కూడా మారుతోందా? అది కొన్ని తెరల స్వభావం. ఎటు జరిగినా అక్కడే ఉంటే కారుతున్నట్టే. సెల్‌ఫోనుతో ఫొటో తీసి బెంబేలెత్తకండేం! కెమెరా గోరంతని కొండంత చేస్తుంది.

బ్రైట్‌నెస్ తగ్గిస్తే కాస్త నయమనిపించింది గానీ మచ్చ పోలేదు. మార్చుకునే గడువు పది రోజులు. తొమ్మిదో రోజున టీవీతో సహా కొట్టుకెళ్లాను. "అన్నిటికీ ఉంటుంది సార్" అన్నాడు కొట్టాయన. కొట్టు కట్టేసేదాకా కూర్చుని, లైట్లార్పించి చూపించాను. మారు మాట్లాడకుండా మార్చాడు.

నాన్నగారు సినిమా మళ్లీ మొదటి నుంచి వెయ్యమన్నారు.