పత్తికట్టె - గుఱ్ఱపు యంత్రము

పంట యిల్లు చేరిన పిమ్మట చేనిలో నిలిచిపోవు కట్టెను గూర్చి పెద్దలెవ్వరును ముచ్చటింపరు. విత్తనమును గూర్చియు, ఎరువును గూర్చియు, ధరను గూర్చియు సభలు జరుగును, తీర్మానములు వెలువడును. కట్టె మాట వచ్చునప్పటికి అది కూలివాని పని యని త్రోసివేయుదుము. కాని యొక దేశమున ఈ కట్టెను నరుకుటకే ప్రత్యేకముగా గుఱ్ఱపు యంత్రమును నిర్మించిరనియు, శాసనసభల వఱకు ఈ కట్టె ప్రసంగము ప్రాకినదనియు మన పాఠకులలో పెక్కుమంది యెరుగరు. గులాబిరంగు పురుగు మన పత్తిచేల నింతగా పీడించుచున్న దినములలో ఆ కథ మనకు ఉపయోగింపకపోదని మా నమ్మకము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఈ యంత్రము వ్యాప్తిలోనికి వచ్చినది. వారు దానిని ‘స్టాక్ కట్టర్’ అనిరి; మనము కట్టెకోత యంత్రమనవచ్చును. అచ్చటి మొక్కజొన్న రైతు కంకులను విరుచుకొని దంటును తరచుగా చేనిలోనే విడిచెడివాడు. పశువులను తోలగా అవి ఆకును మేయును. గట్టి దంటు వసంతము వఱకు నిలిచియుండును. (మనకు చొప్ప యనగా పశువుల ప్రాణము. దానిని చేనిపాలు చేయు రైతు మనలో నరుదు. భూమి విస్తారమై మనుష్యులు కొఱవడిన దేశమునకే అట్టి దుబారా తగును.) ఆ దంటును దున్నుదమన్న నాగటికి చుట్టుకొనును, విడుతమన్న విత్తుటకు తావుండదు. కావున మంచు బిగిసిన ఉదయమున బరువైన రైలుపట్టా ముక్కకు రెండు చివరల గుఱ్ఱములను పూన్చి ఈడ్పించెడివారు. పెళుసెక్కిన దంట్లు ఫెళఫెళ విరిగి పడెడివి. వానిని పండ్లచట్రముతో ప్రోగుచేసి తగులబెట్టెడివారు. మంచు కురియని దక్షిణ రాష్ట్రములలో ఈ యుపాయము చెల్లదు. అచ్చట 1865కు పూర్వము నీగ్రో బానిసలు దుడ్డుకఱ్ఱలతో పత్తికట్టెను మోది పడగొట్టుట శీతకాలపు పనులలో నొకటి.

యంత్రముయొక్క నిర్మాణము సులభమైనది. రెండు చక్రములమీద నొక ఇనుప చట్రము. దానిపై తోలువాడు కూర్చుండుట కొక ఇనుపపీట. క్రింద అడ్డముగా దొర్లెడి డోలువంటి కూర్పు. ఆ డోలు పొడవునను అయిదు మొదలు తొమ్మిది వఱకు ఉక్కుకత్తులు బిగింపబడియుండును. ముందు రెండు ఇనుపకొక్కెములు నేలను రాచుకొనుచు పోయి, అడ్డదిడ్డముగా పడిన కట్టెను సాలు వెంబడి నిలువునకు సవరించును. అట్లు సవరింపబడిన కట్టెపై డోలు దొర్లగా కత్తులు దానిని అడ్డముగా ఖండించును. కత్తుల సంఖ్య హెచ్చినకొలది ముక్కలు చిన్నవగును. డోలును నేలకు అదుముటకు స్ప్రింగులు, చేని చివర మరలునప్పుడు పైకెత్తుటకు మీట, ఇంతియే. ఒక సాలునకు రెండు గుఱ్ఱములో కంచరగాడిదలో చాలును. రెండు సాళ్ళను ఒక్కమారు కోయు పెద్ద రకమునకు మూడు నాలుగు కావలయును. యంత్రమునకు వేరొక శక్తి లేదు. నేలపై దొర్లుటయే దాని శక్తి. అందుచేత అది బరువుగా నుండవలెను, గుఱ్ఱములు వడిగా నడువవలెను. ఒక్కొక్క కత్తి నేలను తాకినప్పుడెల్ల ఆ యదటు పీటపై కూర్చున్నవాని వెన్నెముకకు తగులును. గుఱ్ఱములు బెదరి పరుగెత్తినచో, పీటనుండి జారినవానికి క్రింద నున్నవి కత్తులే. అది అంత ముచ్చటగొలుపు వాహనము కాదు.

దీనిని నిర్మించినవారిలో ఇల్లినాయి రాష్ట్రమునకు చెందిన రాబర్టు ఏవరీ యొకడు. ఈతడు అంతర్యుద్ధములో పట్టుబడి ఆండర్సన్‌విల్ ఖైదులో దుర్భరమైన కష్టము లనుభవించినవాడు. బయటపడిన పిదప వ్యవసాయ యంత్రములు చేయుటకు పూనుకొని కట్టెకోత యంత్రములతోను, మొక్కజొన్న విత్తు యంత్రములతోను పేరొందెను. జాన్ డీర్ కంపెనీయు, కాంటన్ పట్టణమందలి పార్లిన్ - ఓరెండార్ఫ్ కంపెనీయు వీనిని తయారుచేసినవి. ఈ రెండవదానిని 1919లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ కొన్నది. 1915 ప్రాంతమున ఆ దేశపు పొలములలో సుమారు 2 కోట్ల 60 లక్షల గుఱ్ఱములు, కంచరగాడిదలు పనిచేయుచుండెడివి. ఆ పిమ్మట ట్రాక్టరు వచ్చినది, గుఱ్ఱము తగ్గినది. కత్తుల డోలు మాత్రము ట్రాక్టరు వెనుకకు మారినది.

ఇంతవఱకు ఇది శ్రమ తగ్గించు సాధనము మాత్రమే. దానికి ప్రాణావసరమును కల్పించినది పురుగు. 1892 ప్రాంతమున మెక్సికోనుండి కాయతొలుచు ముక్కుపురుగు టెక్సాసులో ప్రవేశించినది. ప్రభుత్వము పంపగా పరిశీలించిన టౌన్‌సెండ్ అను శాస్త్రజ్ఞుడు, శరత్కాలములోనే కట్టెను నిర్మూలించినచో పురుగునకు ఆహారము నశించుననియు, సరిహద్దున కొంతమేర పత్తి వేయుట మానవలెననియు సూచించెను. టెక్సాసు శాసనసభ చట్టము చేయలేదు. చివరి రెండు తీతల పత్తి కాశపడి రైతులు కట్టెను నిలుపుకొనిరి. 1922 నాటికి ఆ పురుగు పత్తి పండు ప్రాంతమునంతటిని ఇంచుమించుగా ఆక్రమించినది. దీనికి భిన్నముగా, మొక్కజొన్న కాండమును తొలుచు ఐరోపా పురుగు విషయమున 1927లో అమెరికా కాంగ్రెసు కోటి డాలర్లు కేటాయించి, అయిదు రాష్ట్రములలో దంటు నిర్మూలనమును నిర్బంధము చేసినది. అదనపు శ్రమకు రైతునకు డబ్బిచ్చినది. నిర్బంధమును, ప్రతిఫలమును జంటగా రావలెనను ఈ సూక్ష్మమును మన పాలకులు గమనింపవలయును.

ఇక గులాబిరంగు పురుగు సంగతి. ఇది మన దేశపుదే. భరుచినుండి పంపబడిన నమూనాలను పరిశీలించి 1843లో సాండర్స్ అను ఆంగ్లేయుడు దానికి శాస్త్రీయ నామ మొసంగెను. గింజలతో బాటు ఈజిప్టునకును, అచ్చటినుండి 1911లో మెక్సికోకును, 1917లో టెక్సాసునకును చేరినది. రెండు గింజలను జతగా అతికించి ఆ గూటిలో నెలల తరబడి నిద్రించుట దాని స్వభావము. చేనిలో నిలిచిన కట్టెకు మిగిలిన ఎండుకాయ దానికి సత్రము. టెక్సాసులో ప్రాంతముల వారీగా తేదీలు నిర్ణయించి, ఆలోపల కట్టెను నిర్మూలించుటను చట్టబద్ధము చేసిరి. బీటీ విత్తనములు, వంధ్యమైన పురుగులను వదలుట మున్నగు ఇతర ప్రయత్నములతో గూడ ఈ నియమమును విడువక సాగించి, 2018లో తమ పత్తిసీమలనుండి ఆ పురుగును నిర్మూలించితిమని ప్రకటించుకొనిరి.

మనమో? ఈ జ్ఞానము మనకు క్రొత్త గాదు. మదరాసు రాజధానిలో 1919లోనే వ్యవసాయ పురుగుల, తెగుళ్ళ చట్టము చేయబడినది. కోయంబత్తూరు ప్రాంతమున కంబోడియా పత్తికట్టెను నిర్ణీతమైన తేదీలోపల పీకివేయవలెనని ఆ చట్టము క్రింద ఆజ్ఞాపించిరి. పరప్రభుత్వము చేసినదైనను శాస్త్రము శాస్త్రమే. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించిన తరువాత కాయపురుగు పీడ తీరెనని మనవారు నిశ్చింతగా నుండిరి. మొదటి రకమునకు గులాబిరంగు పురుగు లొంగకున్నదని 2010లో గుజరాతులో వెల్లడియైనది; రెండు జన్యువుల రకమును గూడ 2015 ప్రాంతము నుండి జయించుచున్నది. డిసెంబరుతో పంటను ముగించి కట్టెను తొలగింపుడని నాగపూరులోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ బోధించుచున్నది. ఆదిలాబాదునను, వరంగల్లునను, గుంటూరునను ఆ తరువాత గూడ ఎన్ని చేలలో కట్టె నిలిచియుండునో రోడ్డు వెంబడి పోవువారికి తెలియును.

ఆ గుఱ్ఱపు యంత్రమును తెచ్చి మన చేలలో నడుపుడని మేము చెప్పబోము. మన సేద్యము ఎద్దులది. ఎద్దు నడక ఆ డోలునకు చాలదు. అంతకన్న ముఖ్యమైన చిక్కు మఱియొకటి కలదు. మంచుపడు సీమలో నరికిన మోడు చచ్చును. మన వెచ్చని నేలలో పత్తిమోడు చిగుర్చును. ఆ చిగురే పురుగునకు మరల విందు. దక్షిణ టెక్సాసు రైతు గూడ ఈ కష్టము పడినవాడే. కనుక నరుకుట చాలదు, వేరు తెగవలయును. జొన్న కొయ్యకాళ్ళ క్రింద మన్నులోనుండి కోసికొనిపోవు పెద్ద గుంటకను నిర్మించిన మన పూర్వులు ఈ తత్త్వము నెరిగినవారే యని మాకు తోచును. ట్రాక్టరుతో కట్టెను తుత్తునియలు చేయు యంత్రములు నేడున్నవి. వానిచే కట్టె ముక్కలగుటయే గాక కాయలలోని పురుగు గూడ చాలవఱకు చచ్చును. ముక్కలు మన్నులో గలసి ఎరువగును. తగులబెట్టినచో నత్రజని పొగయై పోవును, బూడిదయే మిగులును. కాని రెండెకరముల రైతు అట్టి యంత్రమును కొనజాలడు. గ్రామమునకొకటి సహకార సంఘమువారు అద్దెకు నడుపవలెను.

ఈ పత్రికను చదువు భూస్వాములకు ఒక మాట. కౌలుగడువు పంటతో ముగియునప్పుడు, వచ్చు యేడు ఆ చేను తనదగునో కాదో యెరుగని కౌలుదారు కట్టెపీకు ఖర్చును తలకెత్తుకొనునని ఆశించుట న్యాయము కాదు. ఆ ఖర్చు భూమిది, కాబట్టి భూస్వామిది. కౌలుపత్రములో ఒక పంక్తి వ్రాసికొని ఆ మొత్తమును కౌలునుండి మినహాయించినచో తగవులేదు. చెరువుక్రింద పూడికకు, గట్టుకు ఖర్చు పెట్టువారు దీనికి వెనుదీయ నక్కరలేదు.

పీకిన కట్టెను వంటచెరకునకై యింటివద్దనో గట్టుమీదనో వామి వేయుట మన ఆచారము. కాయలు దులుపకుండ వేసిన వామి, చేనిలో నిలిచిన కట్టెకన్న మేలైనది కాదు. తొలకరి తేమ తగులగానే పురుగు మేల్కొని రెక్కలపురుగై లేత చేలకు పోవును. దులిపిన కాయలను వెంటనే నశింపజేయుటయు, వామిని జూనులోపల పొయ్యిలో వాడివేయుటయు, మిగిలినదానిని ముక్కలు కొట్టించుటయు ఇంటి ఆడవారికి గూడ తెలియజెప్పవలసిన పనులు.