మందుకు లొంగని మచ్చ

అరుదైన చర్మ లింఫోమాను గుర్తించడంలోనే సగం వైద్యం ఉంది

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం గనితో దేశమంతటికీ తెలిసిన ఊరు కాగా, గని వ్యర్థాల చెరువుకు చేరువలో ఉన్న కె.కె.కొట్టాల తదితర పల్లెల ప్రజలు ఒంటి దురదలు, దద్దుర్లు, బోరునీటి కాలుష్యం గురించి కొన్నేళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. ఇటువంటి చోట ప్రతి దురదనూ క్యాన్సర్‌గా భావించి భయపడడం ఎంత పొరపాటో, ఏళ్ల తరబడి మానని మచ్చను పరీక్షించకుండా పూతమందులతో నెట్టుకురావడం అంతకు మించిన పొరపాటు.

ఆ మచ్చల వెనుక అరుదుగా ఉండే వ్యాధి మైకోసిస్ ఫంగాయిడిస్. రోగనిరోధక వ్యవస్థకు చెందిన టి-లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాలు చర్మంలో అదుపు తప్పి పెరగడం వల్ల వచ్చే ఈ లింఫోమా అనే క్యాన్సర్‌ను 1806లో ఫ్రెంచి వైద్యుడు అలిబెర్ వర్ణించాడు. ఇది అంటువ్యాధి కాదు. దీని మూలకారణం వైద్యశాస్త్రంలో ఇంకా స్థిరపడలేదు కనుక ఏ ఒక్క రోగి విషయంలోనూ గనిని కారణంగా చూపలేము. అయినా నీటి పరీక్ష, చర్మ పరీక్ష దేనికది శ్రద్ధగా జరగవలసిందే.

పోలికల చిక్కు

ఎండ సోకని పిరుదులు, తొడలు, నడుము మీద ఎర్రటి పొలుసుల మచ్చలుగా మొదలయ్యే ఈ వ్యాధి తామరగా, ఎగ్జిమాగా, సోరియాసిస్‌గా భ్రమింపజేస్తుంది. నల్లని మేనిఛాయ గలవారిలో తెల్లబారిన మచ్చలుగా వచ్చినప్పుడు శోభి అనో, బొల్లి అనో, కుష్ఠు అనో అనుకోవడం సహజం. అయితే కుష్ఠు మచ్చలో సాధారణంగా స్పర్శ తగ్గుతుంది, ఇందులో తగ్గదు.

మచ్చకు మత్తు ఇచ్చి, నాలుగైదు మిల్లీమీటర్ల చర్మపు ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు, మెదడు మడతల వంటి కేంద్రకాలున్న లింఫోసైట్లు పై పొరలోకి ఎగబాకి గుంపులు కట్టడం కనిపిస్తే అనుమానం బలపడుతుంది. సీడీ3, సీడీ4, సీడీ8 ప్రోటీన్ల పరీక్ష, టి-కణ గ్రాహక జన్యు పరీక్ష నిర్ధారణకు తోడ్పడతాయి. స్టెరాయిడ్ పూతలు ఆ ఆనవాళ్లను కప్పివేస్తాయి కనుక ముందుగా కొన్ని వారాలు వాటిని ఆపాలి. తొలి ముక్కలో ఏమీ తేలకపోయినా, మచ్చలు తగ్గకపోతే మళ్లీ తీయాలి.

తొలిదశలో వెలుతురే మందు

మచ్చలు ఒంటిలో 10 శాతం లోపే ఉన్న తొలిదశ రోగుల ఆయుర్దాయం దాదాపు ఇతరులతో సమానం. స్టెరాయిడ్ పూతలు, 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి చికిత్స వారికి తరచుగా సరిపోతాయి. 1989లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 103 మందిని పరిశీలించగా, మొదటే రేడియేషన్‌తో కలిపి ఇచ్చిన తీవ్రమైన కీమోథెరపీ ఆయుష్షును పెంచలేదని తేలింది. వ్యాధి గడ్డలుగా ముదిరినా, రక్తంలోకి చేరినా రేడియేషన్, ఇతర మందులు అవసరమవుతాయి.

కాంతి చికిత్సను వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి తీసుకోవాలి. పల్లె నుంచి దూరపు పట్టణానికి అన్నిసార్లు తిరగడమంటే కూలి మనిషికి అన్ని రోజుల కూలి పోవడమే గనుక, ముక్క పరీక్షా కాంతి చికిత్సా పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ఆసుపత్రుల్లోనే అందేలా చూడడం ప్రభుత్వ బాధ్యత.