ఠాణాలో తెరచిన కిటికీ

ప్రాణహిత గోదావరిలో కలిసే చోట తెలంగాణ ఒడ్డున కాళేశ్వరం, మహారాష్ట్ర ఒడ్డున సిరోంచ ఉన్నాయి. నది దాటితే రాష్ట్రం మారుతుంది గాని భాష మారదు. గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస అయిన సిరోంచ తాలూకాలో తరతరాలుగా తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్న సంగతి విదితమే. జిల్లా కేంద్రం మాత్రం వీరికి దాదాపు 200 కిలోమీటర్ల దూరం. ఒక కాగితం కోసం బయలుదేరితే రెండు రోజుల కూలి పోతుంది. ఆ కాగితం అదే రోజు దొరకుతుందన్న భరోసా కూడా లేదు.

ఈ ఇబ్బందిని గుర్తించిన జిల్లా పోలీసులు 2020 దశకం ఆరంభంలో ఒక కొత్త ఏర్పాటు చేశారు. మారుమూల ఠాణాలలోను, అవుట్‌పోస్టులలోను ప్రజల పనుల కోసం ఒక కిటికీ తెరచి, దానికి ‘పోలీస్ దాదాలోరా ఖిడ్కీ’ అని పేరు పెట్టారు. పోలీసు అన్నల కిటికీ అని దాని భావం. తెలుగు జిల్లాలలో ‘అన్నలు’ అంటే ఎవరో పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ పిలుపు తమకు కూడా దక్కాలని పోలీసులు కోరుకోవడం గమనార్హం.

ఆ కోరికకు వెనుక ఒక నెత్తుటి చరిత్ర ఉంది. 1980లో పీపుల్స్ వార్ దళాలు గోదావరి దాటి సిరోంచ అడవులలో ప్రవేశించాయి. 1990లో వారిని ఎదుర్కొనడానికి గడ్చిరోలి పోలీసులు సి-60 అనే ప్రత్యేక దళాన్ని ఏర్పాటు చేశారు. 2019 మే 1న జాంభుళ్‌ఖేడా వద్ద పేలిన మందుపాతర 15 మంది పోలీసులను బలిగొన్నది. రెండు తుపాకుల నడుమ నలిగినది మాత్రం గ్రామమే. పోలీసులతో మాట్లాడితే ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర, మాట్లాడకపోతే దళానికి అన్నం పెట్టాడన్న అనుమానం. ఇన్‌ఫార్మర్లన్న నెపంతో పోలీసు పాటిళ్లు, సామాన్య రైతులు కూడా హతులయ్యారు. అటువంటి ఊళ్లలో ఠాణా గడప తొక్కడమే సాహసమైన రోజులున్నాయి. ఉచిత దుప్పటి ఇచ్చినా తీసుకోవడానికి చేయి వణికేది.

కిటికీ వద్ద జరిగే పని నిజానికి చాలా సాదా. ఆధార్, పాన్ కార్డు, కుల ధ్రువపత్రం, ఆయుష్మాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు వంటి వాటికి సిబ్బందే దరఖాస్తు నింపి, సంబంధిత శాఖకు పంపుతారు. చదువుకున్న యువతీయువకులకు నర్సింగ్ సహాయకులుగా, హోటల్ పనులలో, సెక్యూరిటీ గార్డులుగా శిక్షణ ఇప్పించి ఉద్యోగ మేళాలు నడిపారు. కొన్ని ఊళ్లలో గ్రంథాలయాలు కూడా వెలిశాయి.

అయితే ఇందులో దానమెంత, హక్కు ఎంత అన్నది కుటుంబాలు తెలుసుకోవలసిన విషయం. కుల ధ్రువపత్రం ఇచ్చేది పోలీసులు కారు, రెవెన్యూ ఉపవిభాగ అధికారి. మహారాష్ట్రలో ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబరు 6, ఓబీసీలకు 1967 అక్టోబరు 13 నాటికి పూర్వీకులు ఆ రాష్ట్రంలో నివసించినట్లు ఆధారం చూపాలి. నదికి ఇరువైపులా వియ్యమందుకొనే తెలుగు కుటుంబాలకు చిక్కు వచ్చేది సరిగ్గా ఇక్కడే. తాతల నాటి బడి రిజిస్టరు నకలు, పాత భూమి కాగితం భద్రపరచుకొన్న ఇంటికి పని సులువవుతుంది. అవి లేనివారికి ఎంత దయగల హెడ్ కానిస్టేబులైనా చేయగలిగినది తక్కువ.

2015 నాటి మహారాష్ట్ర ప్రజాసేవల హక్కు చట్టం ప్రకారం, నోటిఫై చేసిన సేవకు దరఖాస్తు ఇచ్చినవారికి రసీదు, గడువు తేదీ ఇవ్వాలి. గడువు దాటితే అప్పీలు చేసుకోవచ్చు. కిటికీ వద్ద ఇచ్చిన కాగితానికైనా ఆ రసీదు అడిగి తీసుకోవడం మేలు. అడిగినందుకు చిన్నబుచ్చుకొనే పోలీసు ‘దాదా’ ఎలా అవుతాడు?

కేంద్ర బలగాలు పంచే మందులు, క్రీడా సామగ్రి వంటి వాటిది మరో దారి. నక్సల్ ప్రభావిత ప్రాంతాలలో సివిక్ యాక్షన్ కార్యక్రమం కింద కేంద్ర హోంశాఖ వాటికి ప్రత్యేకంగా నిధులు కేటాయించింది. జవాను జేబులో డబ్బు కాదది, ప్రజల పన్నే. పుచ్చుకొన్నవారు రుణపడినట్లు తలవంచనక్కరలేదు.

ఇక అసలు పరీక్ష ఫిర్యాదు దగ్గర వస్తుంది. మిరప కోతలకు తెలంగాణ వెళ్లిన కూలికి అక్కడ అన్యాయం జరిగితే సిరోంచ ఠాణాలోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, విచారణకు అర్హమైన నేరం ఏ ప్రాంతంలో జరిగినా సమాచారం నమోదు చేయాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. నిరాకరిస్తే ఎస్పీకి రాతపూర్వకంగా తపాలాలో పంపుకోవచ్చు. దుప్పట్లు పంచిన ఠాణాయే ఫిర్యాదు తీసుకొనడానికి ‘అది మా హద్దు కాదు’ అంటే, ఊరు గుర్తు పెట్టుకొనేది రెండవదే.

2025 అక్టోబరులో మావోయిస్టు అగ్రనేత, పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాలరావు అలియాస్ భూపతి సుమారు 60 మంది సహచరులతో గడ్చిరోలిలోనే లొంగిపోయారు. తుపాకుల భయం సడలిన కొద్దీ కిటికీ అవసరం తగ్గిందని అధికారులు భావించే ప్రమాదం లేకపోలేదు. కాని జిల్లా కేంద్రానికి దూరం మాత్రం ఇప్పటికీ ఆ 200 కిలోమీటర్లే.